ఎలుగుబంటి నుంచి ఆరు కట్టలు

మే నెల మూడో వారంలో నేను నౌకరీలో చేరాను. అది ఉండడమో ఊడడమో ఆగస్టు ఆఖరుకి తేలాలి. ఆ మూడు నెలల పైచిలుకు కాలాన్ని మా ఇంట్లో ఇప్పటికీ "ఆ ఎండకాలం" అంటారు, దోహాలో ఇంకేవో కాలాలు కూడా ఉన్నట్టు.

పని ఎయిర్‌పోర్టులో. నడవలేని వాళ్ళని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి విమానం దగ్గర్నుంచి బయటి తలుపు దాకా, లేదంటే ఒక విమానం నుంచి ఇంకో విమానం దాకా తీసుకెళ్ళాలి. హైదరాబాద్ విమానాల్లో కుర్చీ అడిగే పెద్దవాళ్ళు ఎక్కువ. వాళ్ళతో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడగల ఆడవాళ్ళు కావాలని ఒక కాంట్రాక్టు కంపెనీ వెతుకుతోందని మా పైఅంతస్తు లుబ్నా చెప్పింది. ఆమె అక్కడే చేస్తోంది. మా అమ్మాయి అల్ఫియా చదువుకని హైదరాబాద్ వెళ్ళిపోయాక ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని మా రెండు గదుల ఇంట్లో పగలంతా నేనూ, ఏసీ చప్పుడూ మిగిలాం. వెళ్ళి పేరు ఇచ్చేశాను.

మా ఆయన జియావుద్దీన్ ఒక కంపెనీలో స్టోర్ ఇన్‌ఛార్జి. పద్దెనిమిదేళ్ళుగా ఖతర్లో ఉన్న మనిషి. మంచివాడే. కాకపోతే కోరుట్లలో ఎవరేమనుకుంటారో అన్న చింత దోహాలో కూర్చుని కూడా మోసే మనిషి.

"మందిని తోసుడు గూడ ఒక నౌకరీయేనా?" అన్నాడు.

"మందిని కాదు, కుర్చీని," అన్నాను.

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు షరతులు పెట్టాడు. అమ్మీ, అంటే మా అత్తగారు నఫీసా బేగం, విజిట్ వీసా మీద రావలసి ఉంది. ఆమె వచ్చేదాకానే ఈ పని. కోరుట్లలో ఎవరికీ తెలియకూడదు. ఎయిర్‌పోర్టులో మన ఊరివాడెవడన్నా కనబడితే మొహం పక్కకి తిప్పుకోవాలి.

"కోరుట్లోళ్ళు లేని విమానం ఏదన్న ఉన్నదా?" అని అడిగాను.

కంపెనీ వాళ్ళకీ షరతులున్నాయి. మూడు నెలలు టెంపరరీ. పర్మనెంటు కావాలంటే టెర్మినల్లో దారుల పరీక్ష పాసవ్వాలి. పైగా నా వీసా మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి, ఆయన సంతకం పెట్టిన ఒప్పుదల కాయితం ఆగస్టు ముప్ఫై లోపల ఇవ్వాలి. పరీక్ష కష్టం, సంతకం తేలిక అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

మొదటివారమే ఒక పెద్దాయనను తప్పుడు దారిలో తీసుకెళ్ళాను. సిద్దిపేట మనిషి, కొడుకు దగ్గరికి మాంచెస్టర్ వెళ్తున్నాడు. గేటు ఒకవైపు, నేను తోసింది ఇంకోవైపు. తేరుకుని వెనక్కి పరుగెత్తేసరికి గేటు మూసేముందు ఆఖరి పిలుపు వినబడుతోంది. ఆయన దిగుతూ, "బిడ్డా, పైస ఖర్చు లేకుంట ఊరంత తిప్పి చూపెట్టినవ్," అన్నాడు. ఆయన నవ్వాడు. మా సూపర్‌వైజరు గ్రేస్ మేడమ్, కెన్యా ఆవిడ, నవ్వలేదు. ఇంకోసారి ఇలా అయితే ఆగస్టు దాకా ఆగే పని లేదంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "బోర్డులున్నయి గదా, సదువుకుంట పోతె అయిపాయె. పద్దెనిమిదేండ్ల సంది పోతున్న, వస్తున్న. ఒక్కన్ని గూడ దారి అడగలే," అన్నాడు.

బోర్డులు ఉన్నాయి. అన్నీ తలపైన ఉన్నాయి. మనిషిని కూర్చోబెట్టి కుర్చీ తోసేవాళ్ళు తలెత్తి నడిస్తే ఎవరి మడమనో తొక్కుతారు. మా చూపు నేల మీదే ఉండాలి. పైగా నేను తొమ్మిది దాకా చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కునేలోపు బోర్డు వెనక్కి పోతుంది. లుబ్నా ఫోనులో మ్యాపు చూస్తూ నడుస్తుంది. నాకున్నవి రెండు చేతులు, రెండూ కుర్చీకే సరిపోయాయి.

నాకు వచ్చిన విద్య ఒకటే. కోరుట్లలో పెళ్ళికి ముందు పుట్టింట్లో, పెళ్ళయ్యాక అత్తగారి పక్కన కూర్చుని బీడీలు చేశాను. ఒళ్ళో చాట, చాటలో తునికాకు. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. నోరు ముచ్చట్లు చెబుతూనే ఉంటుంది, పొయ్యి మీద కూర మాడుతోందని కేకలు వేస్తూనే ఉంటుంది, వేళ్ళ దగ్గర లెక్క మాత్రం తప్పదు. ఇరవై అయిదు రాగానే చెయ్యి తనంతట తనే దారం కోసం పోతుంది. పదిహేనేళ్ళు చేసిన చెయ్యి అది. ఆ లెక్క కాళ్ళకి ఎందుకు రాదు అనిపించింది.

మర్నాటి నుంచి అడుగులు కట్టలు కట్టడం మొదలుపెట్టాను. టెర్మినల్ నడిమధ్యన దీపం నెత్తిన పెట్టుకుని కూర్చున్న పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంది, ఇంటి ఎత్తుంటుంది. దాన్ని మొదలు చేసుకున్నాను. ఎలుగుబంటి నుంచి లోపలి రైలెక్కే చోటికి ఆరు కట్టలు. రైలు దిగి చివరి గేటు దాకా ముప్ఫై రెండు. ఇటుపక్క ఆడవాళ్ళ నమాజు గదికి తొమ్మిది, తాగే నీళ్ళకి ఏడున్నర. ప్రయాణికులతో వాళ్ళ మనవళ్ళ గురించి మాట్లాడుతూనే ఉండేదాన్ని, లోపల లెక్క నడుస్తూనే ఉండేది. జూన్ అయ్యేసరికి కళ్ళు మూసుకుని తోసినా గేటు ముందే ఆగేదాన్ని. లుబ్నా మొదట పడీపడీ నవ్వింది. పది రోజులు పోయాక ఫోను సంచిలో పెట్టేసి, "బిల్కిస్ ఆపా, ఈ గేటుకు ఎన్ని కట్టలు?" అని నన్నే అడగసాగింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ ముందే గెలిచాను. ఇల్లు మిగిలింది.

జూలై ఆఖర్లో అత్తగారి టికెట్టు వచ్చింది. ఆ రోజు సెలవు పెట్టమన్నాడు మా ఆయన. బడి సెలవుల రద్దీ, సెలవు దొరకలేదు. అమ్మీకి కుర్చీ కూడా రాయించలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, "కాళ్ళున్నయి నాకు, నడుస్త," అందట ఫోనులో. నేను ఎదురుపడే అవకాశం లేదని మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. నేను లుబ్నా ఇంటికి కుట్టుపనికి వెళ్ళానని అమ్మీకి చెబుతానన్నాడు.

విమానం పొద్దున ఏడింటికి దిగింది. తొమ్మిదిన్నరకి నా ఫోను మోగింది. డ్యూటీలో ఉన్నప్పుడు ఆయన నాకు ఫోను చేయడం అదే మొదలు.

"అమ్మీ రాలే," అన్నాడు. "అందరు వచ్చిండ్రు. సామాను బెల్టు గూడ ఆగిందట. ఆపీసోళ్ళు లోపలికెళ్ళి రెండుసార్లు చూసచ్చిండ్రు. మాఫీ, ఎవరు లేరు అంటున్నరు. ఫోను ఎత్తుతలేదు."

"ఆమెకు ఏం చెప్పినవ్ నువ్వు?"

"ఏం చెప్త? మనోళ్ళు మస్తుమంది ఉంటరు, వాళ్ళు ఎటు పోతె అటు పో అన్న."

మా వైపు మొదటిసారి విమానమెక్కే ప్రతి మనిషికీ ఇచ్చే సలహా అదే. మంది వెనక పో. అందరూ ఒకే ఊరికి వెళ్తుంటే అది మంచి సలహాయే.

గ్రేస్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, మా అత్తగారు కనబడడం లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చేతి గడియారం చూసి ఇరవై నిమిషాలు ఇచ్చింది. ఖాళీ కుర్చీ ఒకటి పట్టుకుని బయల్దేరాను.

నడుస్తూ ఆలోచించాను. విమానం దిగినవాళ్ళు ఒకచోట రెండుగా చీలిపోతారు. దోహాలో ఆగేవాళ్ళు ఎస్కలేటరు మీద కిందికి దిగుతారు. ఇంకో విమానం ఎక్కేవాళ్ళు తిన్నగా వెళ్ళి, చెకింగు ముందు ఆగుతారు. మా అత్తగారు ఎస్కలేటరు ఎక్కదు. ఒకసారి హైదరాబాద్ బట్టల దుకాణంలో దాని ముందు నిలబడి, మెట్లు కదలడం సైతాను పని అని తీర్పు చెప్పి ఇంటికి వచ్చేసిన మనిషి. లిఫ్టులో ఒంటరిగా కాలు పెట్టదు. అంటే ఆమె కిందికి దిగనే లేదు. వెతికినవాళ్ళందరూ కిందే వెతికారు.

మలుపులో మారుతి ఎదురయ్యాడు. మల్యాల అబ్బాయి, ముప్ఫై దాటాయి, ట్రాలీలు పోగుచేసే పని. నన్ను అక్కా అంటాడు.

"మారుతీ, ఒక ముసలామె కనవడ్డదా? తెల్ల చున్నీ, చేతిల గుడ్డసంచి."

"తెల్ల చున్నీ ఏమో గని, ఆకుపచ్చ చున్నీలు మస్తున్నయి అక్కా. మన నిజామాబాద్ దిక్కోళ్ళు, ఉమ్రాకు మక్కా పోతున్నరు. చెకింగుకాడ గంట సంది కూసున్నరు. వాళ్ళ పెద్దమనిషి లెక్క కుదురుతలేదని లొల్లి జేస్తుండు."

ఇంక అడగలేదు. అక్కడి నుంచి పదకొండు కట్టలు. ఆ రోజు నడవలేదు, పరుగెత్తాను.

నలభై మంది ఆడవాళ్ళు, అందరికీ ఒకే రంగు ఆకుపచ్చ చున్నీ, మెడలో ట్రావెల్స్ వాళ్ళ కార్డు. మధ్యలో వాళ్ళ నాయకుడు గయాజ్ సాబ్ చెమటలు కక్కుతూ వేలు ఊపుతున్నాడు. ఆయన చేతిలో నలభై బోర్డింగు పాసులు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నలభై ఒక్కరు. నాలుగుసార్లు లెక్కపెట్టాడు, నాలుగుసార్లూ ఒకరు ఎక్కువొచ్చారు. ఎవరో ఒకరి పాసు పోయిందని ఆయన భయం. లెక్క తేలేదాకా ఎవరినీ కదలనివ్వడం లేదు.

ఆయన పక్కనే కుర్చీలో ఒకామె నిటారుగా కూర్చుని వేలు చూపిస్తూ గట్టిగా అంటోంది. "ఎన్నిసార్లు లెక్కవెడ్తవ్ సాబ్? నేను మూడుసార్లు వెట్టిన. నలభై ఒక్కటే. బీడీల కార్ఖానల ఎన్నడు గూడ నా లెక్క తప్పలే."

మా అత్తగారు. తనను కూడా కలుపుకుని ఖచ్చితంగా లెక్కపెట్టింది. పైన ఆకుపచ్చ చున్నీ. చలి పెడుతోందంటే పక్కామె తన దగ్గరున్న రెండోది ఇచ్చిందట.

"అమ్మీ," అన్నాను.

తలెత్తి చూసింది. నా యూనిఫాం కోటు, బ్యాడ్జి, నల్ల బూట్లు, చేతిలో కుర్చీ. నెమ్మదిగా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"దుల్హన్," అంది, కోడల్ని ఆమె అలాగే పిలుస్తుంది, "నువ్వీడ ఏం జేస్తున్నవ్?"

కుట్టుపని మాట నోటిదాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలేదు. "డ్యూటీ అమ్మీ. ఈడనే నౌకరీ చేస్తున్న."

"ఎన్ని దినాల సంది?"

"రెండు నెల్లు దాటింది."

నేను గయాజ్ సాబ్ వైపు తిరిగి, "ఈమె మా అత్తమ్మ. దోహాల దిగాలె. మీ లెక్క సరిపోయింది, వాళ్ళను తీస్కపోండి," అన్నాను. ఆయన కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. మా అత్తగారు మాత్రం చున్నీ మడిచి ఇచ్చేస్తూ, "మక్కా దాకా తీస్కపోతే నీదేం పోతుండె సాబ్," అంది.

కుర్చీలో కూర్చోమంటే మొదట వద్దంది. తర్వాత కూర్చుంది. లిఫ్టులోకి వెళ్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కింద నడుస్తుండగా వెనక్కి తలతిప్పి, "ఏం గులుగుతున్నవ్ నోట్ల?" అని అడిగింది.

"అడుగులు అమ్మీ. కట్టల లెక్క. ఈడంత గట్లనే గుర్తువెట్టుకున్న."

ఆమె ముందుకి తిరిగింది. కాసేపటికి కుర్చీలోంచి సన్నగా వినబడింది, "ఇరువై మూడు, ఇరువై నాలుగు, ఇరువై అయిదు." తర్వాత, "ఒకటి." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇమిగ్రేషను దాకా అలాగే ఇద్దరం లెక్కపెట్టుకుంటూ పోయాం. నాకు ఆ రోజు ఎంత గర్వంగా ఉందో ఎవరికి చెప్పుకోను.

బయట రెయిలింగు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. తల్లిని చూడగానే మొహం వెలిగింది, ఆ వెంటనే కుర్చీ వెనక నన్ను చూసి, చుట్టూ ఎవరన్నా చూస్తున్నారేమోనని చూశాడు. తల్లి కొడుకు చూపు ఎటు తిరిగిందో గమనించింది. నేను ఇరవై నిమిషాల్లో ఇంకా రెండు మిగిలాయని వెనక్కి పరుగెత్తాను.

మర్నాటి నుంచి ఆమె ఫోను పట్టుకుంది. కోరుట్లలో మా వాడ మొత్తానికి, ఆ తర్వాత మెట్‌పల్లి చుట్టాలకి, ఆ తర్వాత మేము మరిచిపోయిన చుట్టాలకి. "నేను తప్పిపోయిన. ఆపీసోళ్ళకు దొర్కలే. మా దుల్హన్ తీస్కచ్చింది. ఆడ ఆమెకు పెద్ద నౌకరీ. దుబాయ్ ఎయిర్‌పోర్టు మొత్తం ఆమెకు కంఠతా." ఇది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. "మా జియానా? వాడు బయట నిలవడ్డడు, అంతే."

ఆ చివరి మాట గోడ అవతలి నుంచి విన్నప్పుడల్లా మా ఆయన టీవీ గొంతు పెంచేవాడు.

"ఊరంత తెలిసె," అన్నాడు ఒకరోజు నాతో. "ఖలాస్."

"తెలిస్తే ఏమైంది?"

"ఏమైతదో నీకేమెరుక. మొగోడు ఉండి పెండ్లాంతోని కుర్చీలు తోపిస్తుండని అంటరు."

అప్పుడు నేను గట్టిగానే చెప్పాను. "నువ్వు తోపిస్తలేవు. నేనే తోస్తున్న. నాకు ఈ పని కావాలె. పొద్దున లేస్తే నాకొరకు ఎదురుచూసేటోళ్ళు ఉన్నరని తెలుస్తది నాకు. పేపరు మీద సంతకం పెడ్తవో పెట్టవో నీ ఇష్టం. మల్ల అడగ." నిజంగానే మళ్ళీ అడగలేదు. కాయితం ఫ్రిజ్జు మీద, మందుల డబ్బా కింద పెట్టి ఊరుకున్నాను.

ఆగస్టు ఇరవై అయిదున దారుల పరీక్ష అయింది. గ్రేస్ మేడమ్ అయిదు చోట్లు చెప్పింది, బోర్డుల వైపు చూడకుండా కుర్చీ తోసుకుంటూ వెళ్ళాలి. ఆవిడ వెనకే నడిచింది. నేను ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెనక్కి తిరగలేదు. అయిపోయాక ఆవిడ నా లెక్కలన్నీ కాగితం మీద రాయించుకుని, కొత్తగా వచ్చేవాళ్ళకి ఇస్తానంది. ఇప్పుడు నేపాల్ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు కూడా "బేర్ టు ట్రెయిన్, సిక్స్ కట్టా" అంటారు. కట్ట అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. మా కోరుట్ల మాట అక్కడ తిరుగుతోంది, నాకు అది చాలు.

"లెటరు?" అంది గ్రేస్ మేడమ్.

"ఇంకా లేదు."

ముప్ఫయ్యో తేదీ సాయంత్రం లోపల రాకపోతే బ్యాడ్జి ఇచ్చేయాల్సి వస్తుందని, తన చేతుల్లో లేదని బాధగా చెప్పింది.

ముప్ఫై పొద్దున్నే అత్తగారి తిరుగు ప్రయాణం. తల్లిని దింపడానికి మా ఆయన కూడా పది రోజుల సెలవు మీద కోరుట్ల వెళ్తున్నాడు. నేను తెల్లవారుజామునే డ్యూటీకి వచ్చేటప్పుడు ఫ్రిజ్జు మీద చూశాను. మందుల డబ్బా ఉంది, కాయితం లేదు. చింపేశాడనుకున్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను, తర్వాత మొహం కడుక్కుని డ్యూటీ ఎక్కాను.

ఈసారి అమ్మీ తనే కుర్చీ రాయించుకుంది. అది కూడా, "బిల్కిస్ బేగం తోస్తేనే కూసుంట," అని కౌంటరులో చెప్పిందట. లుబ్నా పిలిస్తే వెళ్ళాను. మా ఆయన మామూలుగానే నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు, తలెత్తి బోర్డులు చదువుకుంటూ. నేను వెనక తోస్తున్నాను. ఎలుగుబంటి దాటాక ఆయన కుడికి తిరిగాడు. నేను తిరగలేదు. అమ్మీ కూడా పిలవలేదు. కొంచెం దూరం పోయి వెనక్కి చూసుకుని, గబగబా వచ్చి మాతో కలిశాడు. "గేటు మారింది," అన్నాను. సరేనన్నట్టు తలూపి, అక్కడి నుంచి నా పక్కనే నడిచాడు.

గేటు ముందు కూర్చున్నాక ఎవరో, "జియా భాయ్!" అని కేకేశారు. ఫుర్ఖాన్. కోరుట్లలో మా ఇంటి వరసలోనే వాళ్ళ ఇల్లు, ఇక్కడ దుఖాన్ అనే చమురు ఊళ్ళో క్రేన్ ఆపరేటరు. అతని నోట పడ్డ మాట వచ్చే శుక్రవారం జుమ్మా నమాజు లోపల ఊరంతా చుట్టివస్తుందని పేరు. మా ఆయన షరతు గుర్తొచ్చింది. నేను మొహం పక్కకి తిప్పుకోలేదు, కాకపోతే కుర్చీ పిడి వదిలి ఒక అడుగు వెనక్కి వేశాను. ఎంత కోపం ఉన్నా, ఆయన తల దించుకోవడం చూడాలని నాకు లేదు.

సలాములయ్యాయి. ఫుర్ఖాన్ అమ్మీ ఆరోగ్యం అడిగాడు. నావైపు చూసి, యూనిఫాంలో ఉన్న నన్ను గుర్తుపట్టక చూపు తిప్పేసుకున్నాడు.

మా ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు వెతికాడు.

"పెన్నున్నదా ఫుర్ఖాన్?"

"ఉన్నది. దేనికి?"

మా ఆయన పాస్‌పోర్టు తెరిచాడు. లోపల నాలుగు మడతల కాయితం. దాన్ని విప్పి తల్లి ఒళ్ళో ఉన్న సంచి మీద పరిచాడు. అమ్మీ రెండు చేతులతో అంచులు కదలకుండా అదిమిపట్టింది.

"మా ఇంటామెది నౌకరీ కాయిదం," అన్నాడు, వంగి రాస్తూనే. "ఈడనే చేస్తది. గిదో, బిల్కిస్. గుర్తువట్టలేదా?"

ఫుర్ఖాన్ తడబడి నాకు సలాం పెట్టాడు. "ఏం పని భాభీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన చెప్పాడు. "దారి తెల్వనోళ్ళకు చూపెడ్తది. మొన్న అమ్మీకి చూపెట్టింది. ఇయ్యాల నాకు."